డాక్టరుగారూ.. మళ్లీ బడికి!

గుండె వైద్యంలో నిన్నటి పాఠం నేడు చెల్లడం లేదు. వద్దన్న మందే ప్రాణం నిలబెడుతోంది. వాడి తీరాలన్నది అక్కర్లేదని తేలుతోంది. మరి ఈ మార్పులన్నీ మన ఊరి ఆసుపత్రిదాకా వస్తున్నాయా? డాక్టర్లకూ, నర్సులకూ మళ్లీ మళ్లీ పాఠాలు చెప్పేదెవరు?

ఏ క్లినిక్కు వెళ్లినా డాక్టరుగారి కుర్చీ వెనకాల గోడకో ఫ్రేము ఉంటుంది. అందులో ఆయన పట్టా. మన చూపు ముందు పేరు చివరి అక్షరాల మీద పడుతుంది. ఎంబీబీఎస్ ఒక్కటేనా, ఎండీ చేశారా, ఆపైన డీఎం కూడా ఉందా అని లెక్కలేసుకుంటాం. కింద సంతకాల పక్కనుండే సంవత్సరాన్ని మాత్రం పట్టించుకోం. పట్టించుకున్నా 'అబ్బో.. నలభై ఏళ్ల అనుభవం, హస్తవాసి మంచిది' అని సంబరపడతాం.

అనుభవం గొప్పదే. కాదనేవారెవరు? కానీ గుండె వైద్యం దగ్గరికొచ్చేసరికి ఆ సంవత్సరం మరో ప్రశ్న కూడా వేస్తుంది. పట్టా పుచ్చుకున్నాక వచ్చిన కొత్త సంగతుల్ని ఆయన ఎక్కడ నేర్చుకున్నారు? చివరిసారి ఎప్పుడు నేర్చుకున్నారు?

1985లో ఎంబీబీఎస్ పూర్తిచేసిన వైద్యుణ్నే తీసుకోండి. ఆయన పరీక్షలు రాసేనాటికి మనిషి గుండె రక్తనాళంలో ఎవరూ స్టెంట్ అమర్చలేదు. ఆ పని మొదటిసారి జరిగింది 1986లో. గుండెపోటు వచ్చిన వెంటనే ఆస్పిరిన్ ఇస్తే ప్రాణాలు దక్కుతాయన్నది 1988లోగానీ గట్టిగా రుజువు కాలేదు. పాడైన కవాటాన్ని మార్చాలంటే రొమ్ము కోయడమే అప్పటికి తెలిసిన దారి. కోత లేకుండా, రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి కొత్త కవాటాన్ని కూర్చోబెట్టడం 2002లో ఫ్రాన్స్‌లోని రూవెన్ నగరంలో అలైన్ క్రిబియర్ అనే వైద్యుడితో మొదలైంది. అంటే.. గుండె చికిత్స అనగానే ఇవాళ మనకు గుర్తొచ్చేవాటిలో చాలా భాగం ఆ డాక్టరుగారు కాలేజీ గేటు దాటాక పుట్టినవే!

తలకిందులైన పాఠాలు

కొత్తవి వచ్చి చేరడమే అయితే ఇబ్బంది లేకపోను. చిక్కేమిటంటే పాతవి చెరిగిపోతుంటాయి కూడా.

గుండెపోటు నుంచి బయటపడ్డవారిలో కొందరికి మధ్యమధ్యలో గుండె లయ తప్పుతుంటుంది. వారికి హఠాన్మరణం ముప్పు ఎక్కువ. అందుకని లయను సరిచేసే మందులు రాసేవారు. ఈసీజీ చక్కగా వచ్చేది. డాక్టరుకూ తృప్తి, రోగికీ తృప్తి. తీరా అమెరికాలో 'కాస్ట్' అనే అధ్యయనం చేసి చూస్తే 1989లో వచ్చిన ఫలితాలు అందరినీ నివ్వెరపరిచాయి. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే ఆ మందులు వేసుకున్నవారిలోనే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికన్నా ఎక్కువమంది చనిపోయారు. ఈసీజీ బాగుపడింది, మనిషి పోయాడు!

బీటాబ్లాకర్లది దీనికి పూర్తిగా విరుద్ధమైన కథ. గుండె వేగాన్ని తగ్గించే మందులివి. గుండె బలహీనపడి, కాళ్లకు నీరుపట్టి, ఆయాసపడుతున్న రోగి దగ్గరికి వీటిని రానివ్వకూడదని ఒకప్పుడు విద్యార్థులకు నూరిపోసేవారు. 1999లో రెండు పెద్ద అధ్యయనాలు ఆ పాఠాన్ని తిరగరాశాయి. రోగి కాస్త కుదుటపడ్డాక కొద్ది మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుకుంటూపోతే మరణాలు దాదాపు మూడోవంతు తగ్గుతున్నాయని తేల్చాయి. పాత నోట్సునే నమ్ముకున్న డాక్టరు దగ్గరికెళ్లిన రోగికి ఆ లాభం దక్కనట్టే కదా!

ఇక ఆస్పిరిన్ కథలో మలుపులు ఒకటా రెండా. 1988లో వచ్చిన 'ఐసిస్-2' అధ్యయనంలో పదిహేడు వేలకుపైగా రోగులు పాల్గొన్నారు. గుండెపోటు అనుమానంతో చేరిన వారికి చవకైన ఈ మాత్ర ఇస్తే గుండె, రక్తనాళాల జబ్బు మరణాలు 23 శాతం తగ్గాయి. రక్తపు గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్ ఇంజెక్షన్ కూడా తోడైతే 42 శాతం తగ్గాయి. ఇంకేం.. ఏ జబ్బూ లేనివారు కూడా ముందుజాగ్రత్తగా రోజుకో ఆస్పిరిన్ వేసుకోవడం మొదలుపెట్టారు. 2018లో మూడు పెద్ద అధ్యయనాలు దానికీ బ్రేకు వేశాయి. గుండెజబ్బు లేనివారికి దానివల్ల కలిగే మేలు అంతంతమాత్రం, రక్తస్రావం ముప్పు మాత్రం పెరుగుతోందని హెచ్చరించాయి. ఒకే మాత్ర. ఒకరికి సంజీవని, మరొకరికి అనవసరపు ముప్పు. ఎవరికి ఏదో తెలియాలంటే డాక్టరు చదువుతూనే ఉండాలి.

సినిమాల్లో చూస్తుంటాం.. గుండెపోటు రాగానే ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. నిజం ఆసుపత్రుల్లోనూ అంతే, దశాబ్దాలపాటు అందరికీ పెట్టారు. స్వీడన్‌లో ఆరున్నరవేలకు పైగా రోగుల మీద చేసిన అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి. రక్తంలో ఆక్సిజన్ సరిపడా ఉన్నవారికి అదనంగా ఇవ్వడంవల్ల ప్రాణాలేమీ ఎక్కువ దక్కలేదని అందులో తేలింది. ఇప్పుడు తక్కువున్నవారికే ఇమ్మంటున్నారు. ఇది తెలియని బంధువులు 'ఆక్సిజన్ కూడా పెట్టలేదు' అని ఆసుపత్రి మీద కోపగించుకుంటారు.

మరో విచిత్రం.. షుగరు లేని మనిషికి షుగరు మాత్ర! గుండె బలహీనపడ్డవారికి డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మందు రాస్తే 'నాకు షుగరెక్కడిది?' అని కంగారుపడేవారున్నారు. మధుమేహం కోసం తయారైన ఈ మందు, షుగరు లేకపోయినా సరే, బలహీనమైన గుండెను కాపాడుతోందని 2019లో 'డాపా-హెచ్‌ఎఫ్' అధ్యయనం చూపించింది. ఆ సంగతి తెలిసిన డాక్టరు రాస్తారు. తెలియనివారు? పాత మందులతోనే నెట్టుకొస్తారు.

అన్నీ తేలిపోయాయా అంటే అదీ లేదు. 2025 ఆగస్టులో మాడ్రిడ్‌లో యూరప్ గుండె వైద్యుల సదస్సు జరిగింది. గుండెపోటు వచ్చి తగ్గాక, గుండె పంపింగ్ బాగానే ఉన్నవారికి బీటాబ్లాకర్లు కొనసాగించాలా వద్దా అన్నది అక్కడ పెద్ద చర్చ. స్పెయిన్, ఇటలీల్లో చేసిన అధ్యయనం లాభం లేదంది. నార్వే, డెన్మార్క్‌లలో చేసినది కొంత లాభముందంది. ఒకే సదస్సు, రెండు జవాబులు! ఇలాంటప్పుడు రోగిని బట్టి తూచి నిర్ణయించాల్సింది ఎదురుగా కూర్చున్న డాక్టరే. వార్తలో శీర్షిక చదివి మాత్ర మానేయడం ప్రమాదం. అసలు ఈ చర్చ జరుగుతోందనే తెలియకపోవడం అంతకన్నా ఇబ్బంది.

ఆలస్యం.. ప్రాణాంతకం!

కొత్త విషయం కనిపెట్టడానికీ, అది రోగి మంచం దగ్గరికి చేరడానికీ మధ్య ఎంత దూరం? గుండెపోటులో గడ్డను కరిగించే ఇంజెక్షన్ల మీద 1959 నుంచి 1988 దాకా 33 అధ్యయనాలు జరిగాయి. 1992లో కొందరు పరిశోధకులు వాటన్నిటినీ వరుసగా పేర్చి లెక్కకట్టారు. 1973 నాటికి, ఎనిమిది అధ్యయనాలు పూర్తయ్యేసరికే, ఆ మందు ప్రాణాలు కాపాడుతోందని చెప్పడానికి ఆధారాలున్నాయని తేలింది. వైద్యలోకం దాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకున్నది 1980ల చివర్లో. ఆ మధ్యకాలంలో ఇంజెక్షన్ అందక పోయిన ప్రాణాలెన్నో!

ఇంకో చేదు నిజం కూడా ఉంది. 2005లో అమెరికా పరిశోధకులు డాక్టర్ల అనుభవానికీ, వైద్యం నాణ్యతకూ సంబంధం చూసిన అధ్యయనాలన్నిటినీ సమీక్షించారు. వాటిలో సగానికి పైగా ఒకే మాట చెప్పాయి.. ఏళ్లు గడిచేకొద్దీ తాజా ప్రమాణాల ప్రకారం వైద్యం చేయడం తగ్గుతోందని. పెద్ద డాక్టర్లను తక్కువ చేయడానికి చెబుతున్న మాట కాదిది. రోజుకు వందమందిని చూసే మనిషికి పుస్తకం తెరిచే తీరికెక్కడిది? చేతి నైపుణ్యం పెరుగుతుంది, చదువు వెనకబడుతుంది. అందుకే తీరిక దొరికినప్పుడు చదువుకోమంటే చాలదు, తప్పనిసరి చెయ్యాలన్న ఆలోచన వచ్చింది.

నెలకు అరగంట!

మన దేశంలో ఆ నిబంధన ఉంది. వైద్యులు ఐదేళ్లలో కనీసం 30 గంటలు నిరంతర వైద్యవిద్య.. అదే, అందరూ 'సీఎంఈ' అని పిలిచే కార్యక్రమాల్లో పాల్గొనాలని భారత వైద్యమండలి 2002 నాటి నియమావళిలో చేర్చింది. మండలి స్థానంలో 2020లో జాతీయ వైద్య కమిషన్ వచ్చింది. 2023 ఆగస్టులో కమిషన్ కొత్త నిబంధనలు ప్రకటించి, అదే నెలలో వాటిని పక్కన పెట్టింది. దాంతో 2002 నియమావళే మళ్లీ దిక్కయింది.

ఐదేళ్లకు 30 గంటలంటే ఎంత? నెలకు అరగంట. ఓ టీవీ సీరియల్ ఎపిసోడంత! గుండె ఒక్కదాంట్లోనే ఇన్ని మార్పులొస్తుంటే.. గుండెతోపాటు ఊపిరితిత్తులూ, కిడ్నీలూ, జ్వరాలూ, కాన్పులూ చూసే మామూలు డాక్టరుకు ఆ అరగంట ఏమూలకు?

పోనీ ఆ అరగంటైనా సద్వినియోగం అవుతోందా? హోటల్లో ఏసీ హాలు. తెర మీద స్లయిడ్లు. ముందు వరుసలో పెద్దలు, వెనక వరుసలో ఫోన్లు చూసుకునేవారు. ఆపైన భోజనాలు, సర్టిఫికెట్లు. అన్నీ ఇలాగే ఉంటాయనడం అన్యాయం. మంచి వైద్య కళాశాలల్లో, వృత్తి సంఘాల సదస్సుల్లో చెమటోడ్చి నేర్పేవారున్నారు. అయితే 1999లోనే ఓ సమీక్ష స్పష్టంగా చెప్పింది. ఉపన్యాసం విని వెళ్లిపోయే కార్యక్రమాలవల్ల డాక్టర్లు రోగికి చేసే వైద్యంలో మార్పు దాదాపు ఉండటం లేదు. ప్రశ్నలు అడిగి, కేసులు చర్చించి, చేతులతో చేయించే శిక్షణలవల్లే మార్పు వస్తోంది. మన పిల్లల చదువుకు వర్తించే సూత్రమే ఇదీనూ.

ఖర్చెవరిదన్నది ఇంకో పేచీ. హాలు అద్దె, భోజనాలు, వక్తల ప్రయాణాలు.. చాలాచోట్ల మందుల కంపెనీలే భరిస్తూ వచ్చాయి. ఉప్పు తిన్న చోట ఆ కంపెనీ మందు గురించి నిష్పక్షపాతంగా మాట్లాడటం ఎంతమందికి సాధ్యం? అందుకే 2009లో డాక్టర్లు కంపెనీల నుంచి కానుకలు, ప్రయాణ ఖర్చులు తీసుకోరాదని వైద్యమండలి ఆంక్షలు పెట్టింది. 2024లో కేంద్రం తెచ్చిన మందుల మార్కెటింగ్ నియమావళి, కంపెనీలు విదేశాల్లో ఇలాంటి సదస్సులు పెట్టరాదంది. ఆంక్షలు మంచివే. కానీ కంపెనీ డబ్బు వద్దన్నప్పుడు ఆ లోటు పూడ్చేదెవరు? ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు ముందుకు రాకపోతే జిల్లాల్లోని డాక్టరుకు మిగిలేది సెల్‌ఫోన్ తెర మీది పాఠమే.

మొదట చూసేదెవరు?

అసలు సంగతికొద్దాం. గుండెపోటు వచ్చినవారు మొట్టమొదట చేరేది కార్డియాలజిస్టు దగ్గరికి కాదు. 'గ్యాసు పట్టేసినట్టుంది' అని వాము నమలడంతో మొదలవుతుంది. తగ్గకపోతే ఊళ్లో ఆర్‌ఎంపీ. ఆయన ఓ ఇంజెక్షను పొడుస్తారు. ఇంకా తగ్గకపోతే పీహెచ్‌సీ, లేదంటే పక్క టౌన్లో నర్సింగ్‌హోం. అక్కడ రాత్రి పదకొండింటికి ఉండేది డ్యూటీ నర్సు. పెద్ద డాక్టరు వచ్చేసరికి విలువైన సమయం కరిగిపోతుంది. పోయేది గుండె కండరం. అది మళ్లీ రాదు.

తాజా ప్రమాణాలు చెప్పేదేమిటి? ఛాతీ నొప్పితో వచ్చిన వ్యక్తికి పది నిమిషాల్లో ఈసీజీ తీసి చదవాలి. రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిన పెద్ద గుండెపోటని తేలితే, రెండు గంటల్లోగా యాంజియోప్లాస్టీ జరిగే అవకాశముంటే పంపాలి. లేకపోతే, ఇవ్వకూడని కారణాలేవీ లేవని చూసుకుని, గడ్డను కరిగించే ఇంజెక్షన్ అక్కడే, అరగంటలోగా ఇచ్చి పంపాలి. చెప్పడానికి నాలుగు ముక్కలే. చేయాలంటే మాత్రం ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సుకూ, కుర్ర డాక్టరుకూ, 108 టెక్నీషియనుకూ ఇది కరతలామలకం కావాలి. ఆడవారిలో, మధుమేహుల్లో ఛాతీ నొప్పి లేకుండా ఆయాసం, చెమటలు, దవడ నొప్పితోనూ గుండెపోటు రావొచ్చన్నది వాళ్లకు గుర్తుండాలి.

ఇది సాధ్యమేనని పక్క రాష్ట్రం చేసి చూపించింది. తమిళనాడులో చిన్న ఆసుపత్రులనూ, అంబులెన్సులనూ యాంజియోప్లాస్టీ సౌకర్యమున్న పెద్దాసుపత్రులతో కలిపి, సిబ్బందికి శిక్షణ ఇచ్చి, ఈసీజీని దూరం నుంచే నిపుణులకు పంపే ఏర్పాటు చేశారు. 2,420 మంది రోగులను గమనించిన ఆ అధ్యయనం 2017లో అచ్చయింది. ఏడాదిలోపు మరణాలు నూటికి 17.6 నుంచి 14.2కు తగ్గాయి. కొత్త మందు కనిపెట్టలేదు. ఉన్న మందును సమయానికి ఇవ్వడం నేర్పారు, అంతే! ఆంధ్రప్రదేశ్‌లోనూ 2023లో ఇదే దారిలో 'స్టెమీ' కార్యక్రమం మొదలైంది. చిన్న ఆసుపత్రిలోనే ఈసీజీ తీసి, పెద్దాసుపత్రి నిపుణుడి సలహాతో ఖరీదైన టెనెక్టెప్లేజ్ ఇంజెక్షన్‌ను ఉచితంగా ఇవ్వడం దీని ఉద్దేశం. ఇంజెక్షన్లు ఫ్రిజ్‌లో ఉంటే చాలదు. ఇవ్వడానికి జంకని చేతులుండాలి. ఆ ధైర్యం శిక్షణతోనే వస్తుంది.

మరి ఆర్‌ఎంపీల సంగతి? వాళ్లు డాక్టర్లు కారు, కాకూడదు కూడా. కానీ పల్లెల్లో మొదటి తలుపు వాళ్లదేనన్నది నిజం. పశ్చిమబెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో ఇలాంటి 304 మందితో ఓ ప్రయోగం చేశారు. సగం మందికి తొమ్మిది నెలల్లో 150 గంటలు పాఠాలు చెప్పారు. తర్వాత రోగుల్లా నటించేవారిని చెప్పకుండా పంపారు. వాళ్లు చెప్పిన బాధల్లో ఛాతీ నొప్పి కూడా ఒకటి. 2016లో వచ్చిన ఫలితాల ప్రకారం, శిక్షణ పొందినవారు మిగతావారికన్నా 14 శాతం ఎక్కువగా సరైన వైద్యం చేశారు. అనవసరపు మందులు ఇవ్వడం మాత్రం తగ్గలేదు. అంటే చదువు తెలివినిస్తుంది, అలవాటును అంత తేలిగ్గా మార్చదు. అన్నట్టు గమనించారా.. పట్టా లేనివారికి తొమ్మిది నెలల్లో 150 గంటలు, పట్టా ఉన్నవారికి ఐదేళ్లలో 30!

చేస్తేనే వచ్చేది

ఆగిపోయిన గుండెను చేతులతో నొక్కి ఆడించే సీపీఆర్‌ను చూడండి. 1960లో లోకానికి తెలిసిన ఈ పద్ధతి కూడా ఎన్నోసార్లు మారింది. ముందు గాలిదారి చూడాలి, ఊపిరి ఊదాలి, ఆ తర్వాతే ఛాతీ నొక్కాలి అనేవారు. 2010లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వరసే మార్చేసింది.. ముందు నొక్కడమే. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవారికైతే కనీసం ఐదు సెంటీమీటర్ల లోతున. ఇది పుస్తకం చదివితే రాదు, బొమ్మ మీద చేస్తేనే వస్తుంది. చేయకపోతే నెలల్లోనే చెయ్యి మర్చిపోతుంది. అందుకే ఆ శిక్షణ సర్టిఫికెట్ రెండేళ్లే చెల్లుతుంది. గోడకు తగిలించుకునే పట్టాలకూ ఇలా గడువుంటే ఎంత బాగుండు!

ఈ చదువు డాక్టర్లతో ఆగకూడదు. నర్సు, ఈసీజీ టెక్నీషియను, అంబులెన్స్ సిబ్బంది.. గుండెపోటు గొలుసులో ఏ ఒక్క కొక్కెం ఊడినా మిగతావి ఎంత గట్టివైనా ఉపయోగం లేదు. ఆసుపత్రులు కొత్త యంత్రం కొన్నప్పుడు పేపర్లో ప్రకటన ఇస్తాయి. సిబ్బందికి శిక్షణ ఇప్పించినప్పుడు ఎందుకివ్వవు? మనం అడగం కాబట్టి!

అడగండి.. తప్పులేదు

* మీకు దగ్గర్లోని ఆసుపత్రిలో ఛాతీ నొప్పితో వస్తే ఈసీజీ ఎంతసేపట్లో తీస్తారు? రాత్రిపూట దాన్ని చదివేదెవరు? అవసరం రాకముందే తెలుసుకోండి.

* గడ్డను కరిగించే ఇంజెక్షన్ అక్కడ ఉందా? యాంజియోప్లాస్టీ చేసే ఆసుపత్రికి ఎంత సమయం పడుతుంది?

* అక్కడి నర్సులకు సీపీఆర్ శిక్షణ చివరిసారి ఎప్పుడిచ్చారు?

* ఏళ్ల తరబడి ఒకే చీటీ మీద మందులు తెచ్చుకుంటున్నారా? ఏడాదికోసారైనా ఆ చీటీ డాక్టరు ముందు పెట్టి 'ఇవన్నీ ఇంకా అవసరమేనాండీ? కొత్తగా ఏమైనా మారిందా?' అని అడగండి. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపొద్దు.

* 'చూసి చెబుతానండీ' అని డాక్టరుగారు పుస్తకమో, కంప్యూటరో తెరిస్తే 'ఈయనకేమీ తెలీదు' అనుకోవద్దు. చూసి చెప్పే డాక్టరే కావాల్సింది. ఆయన్ను వదులుకోకండి!